నగరములో పరదేశి
(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలమునకు నూరు సంవత్సరములు నిండిన ఈ వేళ వెనుకకు చూచి దేవుని స్తుతించడము సహజము. తొలి మిషనరీల కష్టములు, కట్టిన దేవాలయములు, నడిపిన బడులు, ఆసుపత్రులు, వీటిని గురించి ఈ సభలలో అనేకులు చెప్పారు. మాకు అప్పగించిన అంశము "పరదేశియు సంఘమును". దీనిని గాలిలో మాట్లాడడము కంటె ఒక నగరమును ఎదుట పెట్టుకొని మాట్లాడితే మేలని తలంచాము. ఆ నగరము దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గు. ఒక ఆఫ్రికా దేశము విడిచి మరియొక ఆఫ్రికా దేశపు నగరమునకు వచ్చినవారు అక్కడ ఏలాగు నిలదొక్కుకొంటారు, ఎవరు వారిని తమవారు అంటారు, ఎవరు కాదంటారు అనునదే మన విషయము.

ఇంత దూరపు ఊరి మాట మనకెందుకని మీలో కొందరికి తోచవచ్చు. కొంచెము ఓపిక పట్టండి. ఈ దారి తిరిగి తిరిగి మన గుడి వరండాకే వస్తుంది.

పరదేశులు కట్టిన పట్టణము

1886కు ముందు అక్కడ నగరమే లేదు. ఆ యేట విట్వాటర్స్‌రాండ్ గట్టున బంగారము కనబడింది. ఆ బంగారము లోతైన రాతిలో సన్నగా చెదరి ఉన్నది గనుక దానిని తీయడానికి యంత్రములతో పాటు వేలాది కూలీలు కావలసి వచ్చారు. గనుల యజమానులు పొరుగు దేశములకు మనుష్యులను పంపి కూలీలను కూర్చారు. ఇప్పటి మొజాంబిక్, లెసోతో, మలావీ దేశముల నుండి పురుషులు ఒప్పందముల మీద వచ్చారు. వారిని ఆవరణము గల బసలలో ఉంచారు. భార్యాబిడ్డలను తెచ్చుకొనుటకు వీలు లేదు. ఒప్పందము తీరితే ఇంటికి పోవలసినదే. భూమి అడుగున వారి చెమట కావాలి గాని భూమి మీద వారి కాపురము వద్దు. ఇదే ఆనాటి న్యాయము. దేశములోనే పుట్టిన నల్లవారికి కూడ నగరములో ఉండాలంటే పాసు కావలసి ఉండేది.

1994 ఏప్రిల్ ఎన్నికలతో ఆ జాతి వివక్ష పాలన తొలగిపోయింది. 1998లో చేసిన శరణార్థుల చట్టము ఎంతో ఉదారమైనది. శరణు కోరి వచ్చినవారిని గుడారముల శిబిరములో బంధింపక, నగరములో తమకు నచ్చిన చోట నివసించి పని చేసికొనుటకు అది మార్గము ఏర్పరచింది. ఆ తలుపు తెరచుకొన్నప్పుడు తట్టినవారు చాలమంది. 1991లో సోమాలియా ప్రభుత్వము కూలిపోయింది. కాంగోలో 1996 మొదలు యుద్ధముల మీద యుద్ధములు వచ్చాయి. జింబాబ్వేలో 2000 తరువాత వ్యవసాయము, పరిశ్రమ కుప్పకూలాయి. 2005లో అక్కడి ప్రభుత్వము పట్టణపు పేదల ఇండ్లను, అంగళ్లను నేలమట్టము చేసినప్పుడు ఏడు లక్షల మంది ఇల్లో జీవనాధారమో పోగొట్టుకొన్నారని ఐక్యరాజ్య సమితి అంచనా వేసింది. 2009 జనవరిలో అక్కడ కోటి కోట్ల డాలర్ల నోటు అచ్చు వేశారు. ఒకటి పక్కన పదునాలుగు సున్నలు! బడిపంతులు జీతము బస్సు చార్జీకి చాలని దినములవి.

2022 జనాభా లెక్కల ప్రకారము దక్షిణాఫ్రికా జనులు 6 కోట్ల 20 లక్షలు. అందులో పరదేశములలో పుట్టినవారు సుమారు 24 లక్షలు, అనగా నూటికి నలుగురు కూడ కారు. వారిలో సగమునకు కొంచెము తక్కువ మంది జింబాబ్వే వారు. జొహన్నెస్‌బర్గు ఉన్న హౌటెంగ్ రాష్ట్రములోనే వారి సంఖ్య మిక్కిలి ఎక్కువ.

గది, పని, కాగితము

కొత్తగా వచ్చినవాడు బస్సు దిగి మొదట వెదకేది చుట్టమును. పినతండ్రి కొడుకో, ఊరివాడో, ఒకే గుడికి పోయినవాడో. హిల్‌బ్రో, బెరియా, యోవిల్ అను పేటలలో ఒకే గదిని దుప్పట్లతో నాలుగు భాగములు చేసికొని నాలుగు కుటుంబములు కాపురముంటాయి. మేఫేర్‌లో భారత సంతతి ముస్లిముల పొరుగున సోమాలీలు చేరారు. జెప్పి వీధిలో ఒకప్పుడు వైద్యుల గదులున్న ఎత్తైన కట్టడములలో ఇతియోపియా వర్తకులు అరచేతి వెడల్పు కొట్లు పెట్టుకొన్నారు. యోవిల్ సంతలో కాంగో వారికి తమ దేశపు ఎండుచేప, తమ దేశపు ఆకుకూర దొరుకుతాయి. ఇల్లు విడిచినవానికి నాలుకయే మొదట ఏడుస్తుంది గదా!

పని సంగతి చూడండి. తన దేశములో పాఠము చెప్పినవాడు ఇక్కడ కార్లకు కాపలా కాస్తాడు. లెక్కలు వ్రాసినవాడు హోటలులో పళ్లెములు కడుగుతాడు. స్త్రీలు ఇండ్లలో పని చేస్తారు, జడలు అల్లుతారు, వీధి పక్క టొమాటోలు అమ్ముతారు. సంపాదనలో కొంత ఊరికి పంపాలి. నూనె, పిండి, సబ్బులు, చివరికి మంచములు కూడ చిన్న వ్యానుల వెనుక బండ్లకు కట్టి సరిహద్దు దాటించి ఇంటి గుమ్మములో దింపే డ్రైవర్లున్నారు. వారిని "ఒమలాయిచా" అంటారు. అత్తగారికి సరుకు చేరితే కొడుకు బ్రతికే ఉన్నాడని అర్థము.

వీటన్నిటికంటె కఠినమైనది కాగితము. శరణార్థి పత్రమునకు తెల్లవారక ముందే వరుసలో నిలువాలి. ఇచ్చిన పత్రము కొన్ని నెలలకే తీరిపోతుంది. ఏండ్ల తరబడి మరల వరుస, మరల కూలి పోవుట ఉండేది. 2009లో ప్రభుత్వము జింబాబ్వే వారికి ప్రత్యేక అనుమతిని ప్రకటించింది. తరువాత పేరు మార్చి మార్చి పొడిగిస్తూ వచ్చింది. సుమారు 1,78,000 మంది ఆ అనుమతితో బ్రతికారు. అక్కడే పెండ్లి చేసికొని, బిడ్డలను కని, బడికి పంపినవారు కూడ "వచ్చే గడువు తరువాత ఏమి?" అను ప్రశ్నతోనే పండుకొని లేచారు. పదిహేనేండ్లు కాపురమున్నవానిని కూడ కాగితము అతిథిగానే ఉంచుతుంది.

2023 ఆగస్టు 31 తెల్లవారుజామున ఆ నగరపు ఆల్బర్ట్ వీధిలో ఒక పాడుబడిన కట్టడము తగలబడి 76 మంది చనిపోయారు. అది నగరపాలక సంస్థ కట్టడమే. చచ్చినవారిలో పరదేశులు అనేకులు. వివక్ష పాలన దినములలో నల్లవారికి పాసులు ఇచ్చినది, నిరాకరించినది ఆ కట్టడములోనే. తాతలు కాగితము కొరకు నిలువబడిన గుమ్మము లోపలనే, కాగితము లేని మనుమలు తలదాచుకొని కాలిపోయారు. ఈ సంగతి చదివిన దినమున మాకు అన్నము సయించలేదు.

మోచేయి అను మాట

2008 మే 11న అలెగ్జాండ్రా పేటలో పరదేశుల మీద దాడులు మొదలై ఇతర పట్టణములకు వ్యాపించాయి. 62 మంది హతులయ్యారు. వేలాది జనము పోలీసు స్టేషన్లలో, గుడులలో, గుడారములలో తలదాచుకొన్నారు. గుంపులు దారిలో మనుష్యులను ఆపి, మోచేతిని చూపి, దీనిని జులూ భాషలో ఏమందురు అని అడిగేవారు. చెప్పలేనివాడు పరదేశి. అతనికి దెబ్బలు.

ఈ మాట వినగానే బైబిలు చదువరులకు న్యాయాధిపతుల గ్రంథము పండ్రెండవ అధ్యాయము తోచకమానదు. యొర్దాను రేవుల యొద్ద గిలాదువారు ఒక మాట పలుకుమని అడిగి, నాలుక తిరగని ఎఫ్రాయిమీయులను చంపలేదా? మూడువేల యేండ్లు గడచినా మనుష్యుని పరీక్ష మారలేదు. ఇంకొక్క సంగతి. ఆ 62 మందిలో 21 మంది దక్షిణాఫ్రికా పౌరులే! వారు చిన్న జాతుల భాషలు మాట్లాడువారు గనుక పరదేశులని పొరపడి చంపారు. పరదేశి కొరకు ఎత్తిన కత్తి ఇంటివానికి కూడ తగులుతుంది.

2015లో డర్బనులోను, 2019లో మరల జొహన్నెస్‌బర్గులోను దాడులు జరిగాయి. 2021లో "డుడులా", అనగా "వెళ్లగొట్టు" అను పేరుతో ఒక ఉద్యమము బయలుదేరింది. ఆ ఉద్యమస్థులు ఆసుపత్రి గుమ్మములలో నిలిచి గుర్తింపు కాగితములు అడిగారు. 2025 నవంబరులో అక్కడి హైకోర్టు ఆలాగు అడుగుటకు వారికి అధికారము లేదని తీర్పు చెప్పింది.

అయితే కొట్టినవారిని రాక్షసులని చెప్పి కూర్చుంటే మనము ఏమియు నేర్చుకోలేము. ఆ దేశములో పని వెదకే ముగ్గురిలో సుమారు ఒకనికి పని లేదు. స్వాతంత్ర్యము వస్తే ఇల్లు, నీళ్లు, పని వస్తాయని కనిపెట్టినవారు తగరపు గుడిసెలలోనే ముసలివారయ్యారు. ప్రభుత్వము మీద కోపము ప్రభుత్వమును చేరలేక పక్కింటి చిల్లర కొట్టువాని మీద పడింది. పేదవాడు పేదవానిని కొట్టాడు. అదే దినములలో పరదేశి పొరుగువారిని తమ ఇంటిలో దాచి గుంపుకు అబద్ధము చెప్పిన పేదలు కూడ ఆ పేటలలోనే ఉన్నారు. రాహాబు ఆలాగుననే చేసింది.

గుడి మెట్ల మీద

ఇప్పుడు సంఘము సంగతి. జొహన్నెస్‌బర్గు నడిబొడ్డున, హైకోర్టుకు దగ్గరగా, సెంట్రల్ మెథడిస్టు దేవాలయమున్నది. పోవుటకు చోటు లేనివారిని బిషప్పు పాల్ వెరిన్ గారు అక్కడ రాత్రులు పండుకొననిచ్చారు. పదులు వందలయ్యారు, వందలు వేలయ్యాయి. జింబాబ్వే కష్టకాలములో ఒక్కొక్క రాత్రి రెండు వేలకు పైగా జనము మెట్ల మీద, నడవలలో, గదులలో నిద్రించారు. సాయంకాలము ఆరాధన జరిగేది. అంతర్జాతీయ వైద్యుల సంస్థ ఒక వైద్యశాల నడిపింది. 2008లో పిల్లల కొరకు ఒక బడి మొదలైంది. దానిలో పాఠము చెప్పినవారు కూడ శరణార్థులైన పంతుళ్లే.

2008 జనవరి 30 రాత్రి పోలీసులు ఆ గుడిలో ప్రవేశించి వెయ్యి మందికి పైగా పట్టుకొనిపోయారు. తరువాత వారిలో ఎక్కువ మందిని విడువవలసి వచ్చింది. మే నెలలో దాడులు జరిగినప్పుడు ఆ గుడిలోని జనము ఇంకను పెరిగింది.

దీనిని ఒక అద్భుత కథగా చెప్పుట సత్యము కాదు. అంత జనమునకు మరుగుదొడ్లు చాలలేదు. దుర్గంధము ఉండేది. దొంగతనములు, జగడములు జరిగాయి. పిల్లల క్షేమమును గురించి తీవ్రమైన ఆందోళన కలిగింది. చుట్టుపక్కల వర్తకులు ఫిర్యాదు చేశారు. ఆ గుడి సభ్యులలోనే, మా దేవాలయము ఏమైపోవుచున్నదని బాధపడినవారున్నారు. వారి బాధను తేలికగా త్రోసివేయరాదు. తాత కట్టించిన బల్ల మీద ఎవరో తడిగుడ్డలు ఆరవేస్తే మనకు కష్టము కాదా? 2014 చివర ఆ ఆశ్రయము మూతపడింది.

అయినను ఒక సంగతి నిలుస్తుంది. ప్రభుత్వము కాగితము అడిగింది, గుంపు మోచేయి మాట అడిగింది, ఇంటి యజమాని అడ్వాన్సు అడిగాడు. ఒక్క గుడి మాత్రము ఏమియు అడుగక తలుపు తీసింది. లోపల ఎన్ని లోపములున్నను, ఆ తలుపు తీసినది సత్యము.

శరణార్థులు తాము కూడ సంఘములు కట్టుకొన్నారు. ఆదివారము ఆ నగరపు గట్ల మీద, ఖాళీ స్థలములలో, తెల్లని నిలువుటంగీలు ధరించి, చెప్పులు విడిచి ఆరాధించే జనమును చూడవచ్చు. వారు జింబాబ్వేలో పుట్టిన అపొస్తలిక సంఘములవారు. వారికి గోడలు లేవు, పైకప్పు లేదు. ఎక్కడ నిలిస్తే అదే గుడి.

మరియొక ఏర్పాటు చావు సంఘములు. నెలనెలా కొంచెము కొంచెము వేసి ఉంచుతారు. సభ్యుడు చనిపోతే ఆ సొమ్ముతో శవమును వందల మైళ్లు బండిలో పంపి సొంత ఊరిలో పాతిపెడతారు. ఇరువది యేండ్లు ఒక నగరములో బ్రతికినవాడు ఆ నగరపు మట్టిలో పడుకొనడానికి ఇష్టపడడు, లేక ఆ మట్టి తనదని అతనికి ఎవరును చెప్పలేదు. అబ్రాహాము కనానులో ఎన్నో యేండ్లు కాపురమున్నను, శారా చనిపోయిన దినమున హేతు కుమారుల యెదుట నిలిచి తాను పరదేశినని ఒప్పుకొని సమాధికి స్థలము బేరమాడవలసి వచ్చింది. బ్రతికి ఉండగా ఎక్కడనైనా సర్దుకోవచ్చు. మనము ఎక్కడివారమో చావు అడుగుతుంది.

మన తెలుగువారి కథయు ఇదే

ఆ దేశమునకు మన తెలుగువారికి సంబంధమున్నది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి "ట్రూరో" అను ఓడ డర్బను రేవు చేరింది. అది మొదలు 1911 వరకు చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా లక్షన్నరకు పైగా భారతీయులు నటాలుకు పోయారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండి ఓడ ఎక్కినవారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణము సీమల తెలుగువారు వారిలో ఉన్నారు. ఒప్పందము తీరినవారు అక్కడనే నిలువకుండునట్లు 1895లో మనిషికి ఏటా మూడు పౌనుల పన్ను వేశారు. అది కూలివాని ఎన్నో నెలల సంపాదన. 1914లో గాని అది పోలేదు. కాగితమునకు ఆ దినములలో వేసిన వెల అది.

ఆ కూలీలలో క్రైస్తవులైన తెలుగువారికి కాపరి కావలెనని కోరగా, 1903లో నెల్లూరు సీమ నుండి జాన్ రంగయ్య గారు నటాలుకు వెళ్లారు. ఆయనను పంపినది తెల్లవారి మిషను కాదు, తెలుగు బాప్టిస్టుల స్వదేశీ మిషనరీ సంఘము. కియర్స్నీ తేయాకు తోటలో ఆయన తెలుగు సంఘమును స్థాపించారు. పరదేశములో పని చేసిన కూలివానికి తన భాషలో ప్రార్థన వినబడిన ఆ ఆదివారము ఎట్టిదై ఉంటుందో ఊహించండి. 1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభను ఏర్పరచుకొన్నారు. 1949 జనవరిలో డర్బనులో భారతీయుల మీద దాడులు జరిగి, ఆ అల్లరులలో మొత్తము 142 మంది చనిపోయారు. వారిలో పోలీసు కాల్పులకు బలియైన ఆఫ్రికనులు కూడ అనేకులు. గుంపుకు భయపడి తలుపు వేసికొన్నవారిలో మన భాష మాట్లాడినవారున్నారని మరువరాదు.

మన వరండా

ఇప్పుడు మన యింటికి వద్దాము. మా సంఘములో జరిగిన ఒక సంగతి చెప్పుకొనక తప్పదు. ఊరి పేరు చెప్పము. ఇటుక బట్టీలలో పనికి ఒడిశా నుండి వచ్చిన కుటుంబములు కొన్ని ఆదివారము మన గుడికి వస్తాయి. భాష తెలియదు గనుక వరండాలో కూర్చుండి, పాట రాగమునకు తల ఊపి, కానుక వేసి వెళ్లిపోతారు. ఒక చలికాలమున వారి పసిబిడ్డ చనిపోయింది. తండ్రి వచ్చి మన సమాధుల తోటలో మూడడుగుల స్థలము అడిగాడు. పెద్దలము కూర్చుండి రెండు గంటలు తర్కించాము. "వారి పేర్లు మన రిజిస్టరులో లేవు, చందా లేదు, ఎక్కడ బాప్తిస్మము పొందారో కాగితము లేదు, నేడు ఒకరికి ఇస్తే రేపు పదిమంది వస్తారు" అన్నాము. అన్నారు కాదు, అన్నాము. ఆ కమిటీలో మేమును ఉన్నాము. చివరకు ఇచ్చాము. కాని ఆ రెండు గంటలు ఆ తల్లి శవమును ఒడిలో పెట్టుకొని వరండాలోనే కూర్చున్నది.

జొహన్నెస్‌బర్గు పోలీసు కాగితము అడిగితే తప్పు అన్నాము. మనమడిగినది ఏమి?

లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయములో దేవుడు పరదేశిని స్వదేశివలె చూడుమని ఆజ్ఞాపించి, ఐగుప్తులో మీరు ఉన్న స్థితిని జ్ఞాపకము చేసికొనుమన్నాడు. పరదేశి మంచివాడు గనుక ప్రేమించుమనలేదు, నీవు కూడ పరదేశివైతివి గనుక ప్రేమించుమన్నాడు. యిర్మీయా బబులోను చెరలోనివారికి వ్రాసిన లేఖలో ఆ పట్టణపు క్షేమమునే కోరుమని చెప్పాడు. ఒకటి ఇంటివానికి, రెండవది వచ్చినవానికి చెప్పిన మాట. రెండును కలిస్తేనే నగరము నిలుస్తుంది.

గనుక ఈ శతవార్షికోత్సవమున గొప్ప తీర్మానములు కాక నాలుగు చిన్న పనులు మన సంఘముల ముందు పెట్టుచున్నాము. మొదటిది, వరండాలో కూర్చున్నవారి పేర్లు అడిగి రిజిస్టరులో అతిథి సభ్యులుగా వ్రాయుదము. రెండవది, నెలకొకసారియైన ఒక పాఠము వారి భాషలో వారిచేతనే చదివింపుదము. మూడవది, మన బడిలో వారి పిల్లలకు చోటు ఇచ్చునప్పుడు కాగితము తరువాత, బిడ్డ ముందు. నాలుగవది, ప్రతి సమాధుల తోటలోను ఒక వరుసను పరదేశుల కొరకు ముందే కేటాయించుదము, అడిగించుకొనకుండ.

స్త్రీల మైత్రివారు ఇంటింట పిడికెడు బియ్యము తీసి ఈ గుడులను నిలబెట్టారని మన పెద్దలు చెప్పుచుంటారు. ఆ బియ్యము వేసిన తల్లులలో అనేకులు ఊరి బావి దగ్గరకు రానివ్వబడనివారు. తమ సొంత ఊరిలోనే పరదేశులు. వారికి చోటు ఇచ్చిన గుడి గనుకనే ఇది మనకు గుడి అయినది. వారి మనుమలమైన మనము వచ్చే ఆదివారము లోపలికి పోవునప్పుడు ఒక్క నిమిషము వరండాలో ఆగి, అక్కడ ఉన్నవారిని పేరు పెట్టి పిలిచి, మన బల్ల మీద కొంచెము జరిగి కూర్చుందము.

దేవుడు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.